కమోడ్ మీద మాస్టారు

నేను పెడనలో లెక్కల మాస్టారిని. నవ్వడం తెలియని మనిషినని స్కూల్లో పేరు. ఆ మధ్య ఇంట్లో బాత్‌రూమ్ బాగు చేయించాం. అర్జెంటు పనుందని సెలవు పెట్టి, పగలగొట్టిన టైల్స్, పాత కమోడ్ ట్రాలీ ఆటో వెనక వేయించి ఊరి బయట డంపింగ్ యార్డుకి బయల్దేరాను.

"కమోడ్ దొర్లిపోద్ది మాస్టారూ, మీరు దానిమీద కూర్చోండి" అన్నాడు ఆటో డ్రైవరు. మూత వేసి కూర్చున్నాను.

దారిలో రైల్వే గేటు పడింది. పక్కనే మా స్కూలు బస్సొచ్చి ఆగింది. నన్ను చూడగానే పిల్లలంతా లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్!" అని అరిచారు.

ఇరవయ్యేళ్ల అలవాటు ఊరుకుంటుందా? కమోడ్ మీద నుంచే చెయ్యెత్తి, గంభీరంగా "సిట్ డౌన్" అన్నాను.

గేటు తీసినా బస్సు కదల్లేదు. దాని డ్రైవరు స్టీరింగు మీద పడి నవ్వుతున్నాడు.

ఇప్పటికీ క్లాసులో పిల్లలు లేచి నిలబడితే ఆ మాట నా నోట రాదు. కాసేపు చూసి, జాలిపడి వాళ్లే కూర్చుంటారు.