పుట్టిల్లు చూపించే మీట

మా అమలాపురం బట్టలకొట్టుకి బిల్లుల ప్రోగ్రాం రాస్తున్న మాస్టారికి రెండు రోజుల జీతం కోసేను. అంత గట్టి బేరం మా నాన్నగారు కూడా ఆడలేదు.

ఆ రెండు రోజులూ ఆయన కంప్యూటర్లో కోడ్ రాసే ఎడిటర్‌ని తన చేతికి వాటంగా అమర్చుకున్నారు. కోడ్‌లో ఏ పేరు మీదైనా ఒక మీట నొక్కితే అది మొదట రాసిన చోటు కనపడేది. ఇంకోటి నొక్కితే అంతకుముందు చూసిన ట్యాబ్ తిరిగొచ్చేది. "దీని పుట్టిల్లు చూసొద్దామండి" అని నవ్వుతూ నొక్కేవారు.

"మీటలు సర్దుకోడానికి జీతమేంటండీ?" అన్నాను.

"ఆయ్. డబ్బివ్వని సరుకు మీ కొట్లో ఉండకూడదండి" అని ఆ అమరికలన్నీ తీసేసి, అప్పట్నుంచీ ప్రతి పేరూ వరసవరసా వేలు పెట్టి వెతికేరు. పదిరోజుల పని నెలన్నర పట్టింది.

ఆఖర్న లెక్క చూస్తే, మిగిల్చింది రెండు రోజుల జీతం, ఎక్కువిచ్చింది ముప్ఫై అయిదు రోజులది. పుట్టిల్లు మాట మాత్రం ఆయన మళ్ళీ అనలేదు.