జ్వరం తగ్గాక మాత్రలు

ఇవాళ పొద్దున ఆస్పత్రికి వస్తుంటే, నాట్ల కోసం దమ్ము చేస్తున్న చేలోంచి బురద వాసన బస్సు కిటికీలోంచి గుప్పున వచ్చింది. పక్క సీటులో ఆవిడ గుండెల నిండా పీల్చుకుని "ఎంత బావుందో" అంది. నాకూ బావుంటుంది. కానీ ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది చేను కాదు, మా ఎస్తేరుగారు.

రాజమండ్రిలోని ఒక ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబులో నేను టెక్నీషియన్‌గా చేరినప్పుడు డాక్టర్ ఎస్తేరుగారే మా హెడ్. నరసాపురం మనిషి. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవారట గానీ, ల్యాబులో ఆవిడ గొంతు పైకి లేవగా నేను విన్నది ఒక్కసారే. ఆ రోజు క్రిముల్ని పెంచే ఒక ప్లేటు మీద ముడతలు పడిన కాలనీలు, అంటే క్రిముల గుంపులు, వచ్చాయి. అదేం క్రిమో పోల్చుకోలేక, వాసన చూద్దామని మూత తీయబోయాను.

"పద్మా! మూత తియ్యకు!"

అదిరిపడి ఆగిపోయాను. ఆవిడ దగ్గరకొచ్చి మెల్లగా, "మట్టిలో బతికేవన్నీ మంచివి కావమ్మా. ఇది ఊపిరితో లోపలికి పోగలదు" అన్నారు. ప్లేటు మీది పేరు చూసి, దాన్ని నా చేతిలోంచి తీసుకున్నారు. అది మా నాన్న పేరు.

నాన్న మండపేట దగ్గర వరి చేలల్లో కూలి. షుగరు ఉంది. ఆ ఏడు నాట్లయ్యాక పట్టుకున్న జ్వరం వదల్లేదు. ఇంకోచోట చూపిస్తే క్షయ అని అనుమానించారు. మనిషి చిక్కి సగమైపోతుంటే మా ఆస్పత్రికి తీసుకొచ్చాను. బురదలో ఉండే ఆ బాక్టీరియా వల్ల వచ్చే జబ్బును మెలియాయిడోసిస్ అంటారని, బయటి మట్టి పడిందనుకుని చాలాచోట్ల ఆ ప్లేటును పారేస్తారని ఎస్తేరుగారే చెప్పారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక జ్వరం దిగింది. నాన్నకి ఆకలి పుట్టింది. కొన్ని నెలలు మాత్రలు మానకూడదని చెప్పి ఇంటికి పంపారు.

కొన్నాళ్ళకే నాన్న మళ్ళీ జ్వరంతో వచ్చాడు. మంచం మీద వణుకుతున్నాడు. మందుకి బాక్టీరియా లొంగడం మానేసిందని, ఇక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదని అనుకున్నాను. ఎస్తేరుగారు కొత్తగా రక్తం తీయించి, కల్చర్ వేసి అందులోని బాక్టీరియాని పెంచి, అవే మందులతో పరీక్ష చేశారు. ప్లేటు మీద పెట్టిన మందు బిళ్ళ చుట్టూ బాక్టీరియా ఎప్పటిలాగే చచ్చిపోయింది.

"మందు పనిచేస్తోందమ్మా. ఏడవకు" అన్నారు.

"మరి జ్వరం ఎందుకు తిరగబెట్టిందండీ?"

దానికి ఆవిడ మాటలతో కాక పనితో జవాబు చెప్పారు. ఆవిడ పరిశోధన కోసం పెంచుకునే మట్టి బాక్టీరియా ఒకటుండేది, ప్రమాదం లేనిది. దాన్ని రెండు గొట్టాల్లో వేసి, రెంటిలోనూ ఒకే మందు పోశారు. రెండోదాంట్లో మాత్రం ముందుగా ఇంకో ద్రవం కొంచెం కలిపారు. అదే బాక్టీరియా కిక్కిరిసి పెరిగిన పాత గొట్టంలోంచి వడకట్టి తీసినది. కొన్ని గంటలాగి రెంటిలోంచీ కొంచెం తీసి ప్లేట్ల మీద వేశారు. మర్నాడు చూస్తే, మొదటి గొట్టంలోది వేసిన ప్లేటు దాదాపు ఖాళీ. రెండోది నిండా కాలనీలు.

"వడకట్టాక ఆ ద్రవంలో బాక్టీరియా లేదు. ఇంకేం ఉందంటావు?"

"అవి వదిలిన రసాయనాలేమో."

"అవే వాటి కబుర్లు. ఇరుకైపోయాం, నెమ్మదించండి అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఈ మందు పెరిగేవాటినే చంపుతుంది. పెరగడం ఆపి కూర్చున్నదాన్ని ఏం చేస్తుంది?"

రెండో ప్లేటులో బతికినవాటిని కొత్త ద్రవంలో పెంచి, అదే మందు పోయించారు నా చేత. ఈసారి అవీ చచ్చిపోయాయి. అవి మందుని ఓడించలేదు, ఓర్చుకున్నాయంతే. "మీ నాన్నగారి ఒంట్లో సరిగ్గా ఇదే జరిగిందని నేను రుజువు చూపించలేను. కానీ దాక్కున్నవి లేచేదాకా మందు అక్కడ కాపలా ఉండాలి" అన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు నిద్ర పట్టింది.

ఇంజెక్షన్లు మళ్ళీ మొదలై, జ్వరం కాస్త దిగాక, ఆవిడే వార్డుకి వచ్చి నాన్న మంచం పక్కన కూర్చున్నారు. "సత్యంగారూ, మాత్రలు మానేశారు కదూ?"

"ఆయ్, మానేశానండి. ఒళ్ళు తేలికైపోయింది కదండీ. తగ్గిపోయిందనుకున్నానండి."

నేను కోప్పడబోతే చెయ్యెత్తి ఆపారు. "మీరు చెప్పింది నిజమే. తగ్గింది. పోలేదు. జ్వరం తగ్గాక వేసుకునే మాత్రలే అసలైనవండి."

నాన్న తలూపి, "మానొద్దన్నారు గానీ, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదండి. వేసుకుంటానండి" అన్నాడు. వేసుకున్నాడు కూడా. ఇంటికెళ్ళాక ప్రతి ఆదివారం ఎస్తేరుగారు ఆయనకే ఫోన్ చేసి అడిగేవారు. ఆ ఫోన్ కోసం నాన్న చొక్కా వేసుకుని మరీ కూర్చునేవాడని అమ్మ నవ్వుతూ చెప్పేది.

ఆఖరి పరీక్షలన్నీ బాగున్నాయని తేలినరోజు, రిపోర్టులు నా చేతిలో పెట్టి, "వెళ్ళు, నువ్వే చెప్పు" అన్నారు ఆవిడ. వరండాలో నాన్న లేచి నిలబడ్డాడు. "ఇక మాత్రలు ఆపెయ్యొచ్చు నాన్నా" అన్నాను. నాన్న గట్టిగా ఊపిరి వదిలి, నా తల మీద చెయ్యి వేశాడు.

ఎస్తేరుగారు రిటైరై నరసాపురం వెళ్ళిపోయారు. ఇప్పుడు రిపోర్టు కోసం వచ్చి "తగ్గిపోయిందండీ, ఇంకా వేసుకోవాలా?" అని అడిగేవాళ్ళని నేను కసరను. కూర్చోబెట్టి, తగ్గడానికీ పోవడానికీ ఉన్న తేడా చెబుతాను, వాళ్ళకి అర్థమయ్యేదాకా చెబుతాను. మందు మొత్తం వాడి మళ్ళీ వచ్చినవాళ్ళకి, డాక్టరుగారి అనుమతితో, ఇక ఆపెయ్యొచ్చన్న మాట నేనే చెబుతాను. ఆ మాట వినగానే మనిషి భుజాలు కిందికి దిగడం చూస్తాను. నావి కూడా దిగుతాయి.