ఈశాన్యం కిటికీ

తొంభైల చివర్లో రాయగడలో అందరూ ఇళ్లు పైకి పైకి కట్టుకుంటున్నారు. మా నాన్నా బట్టల కొట్టు మీద మేడ వేయించాడు. అమ్మకి ఉబ్బసం. కొట్టు వెనక గదిలో లారీల దుమ్ముకి తాళలేకపోతోంది, పైన మంచి గాలి వస్తుందని ఆయన ఆశ.

విజయనగరం నుంచి వాస్తు పంతులుగారిని రప్పించాడు. ఆయన ఈశాన్యంలో పెద్ద కిటికీ పెట్టించి, లక్ష్మీదేవి అటునుంచే వస్తుంది కాబట్టి ఎప్పుడూ మూయకూడదన్నారు. ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీ పొగగొట్టమూ సరిగ్గా అటే ఉంది. పంతులుగారు దాన్ని చూశారు కూడా. "బాగా ఎత్తుగా ఉందే!" అని మెచ్చుకుని రైలెక్కేశారు.

కింద ఉన్నప్పుడు పొగ దుమ్ముతో కలిసి వచ్చేది. మేడ మీదకి నేరుగా రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే చూస్తే అమ్మ తల ఆనిన చోట తప్ప దిండంతా బూడిద రంగు. దేవుడి పటంలో తల వెనక చక్రంలా మధ్యలో తెల్లగా ఉండేది.

చలికాలానికి అమ్మ పడుకోవడం మానేసింది. మంచం మీద కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదకి వాలి ఊపిరి లాగేది. ఛాతీలో పిల్లికూతలు. మా ఇంట్లో పిల్లి లేని లోటు ఎవరికీ తెలియలేదు.

"కిటికీ మూసేద్దాం నాన్నా."

"ఈశాన్యం మూసేస్తే ఇల్లు నిలుస్తాదేటిరా?"

"ఇల్లు నిలుస్తాది. అమ్మే నిలవదు."

"నీ నోట్లో మన్ను పొయ్య!"

అమ్మ ఊపిరి కూడదీసుకుంది. "ఆడొక్కడి నోట్లోనేటండీ, అందరి నోట్లోనూ ఉన్నాది గదా."

డాక్టరుగారు ఊరు మారమన్నారు. ముక్కుకి రుమాలు కట్టుకునే చెప్పారు. కొట్టు వదిలి ఎక్కడికెళ్తామని నాన్న ఆయన్నే అడిగాడు. ఆయన రుమాలు సర్దుకున్నారు.

ఒకరోజు పొద్దున అమ్మ పెదవులు నీలంగా మారాయి. నాన్న వెళ్లి కిటికీ మూసేశాడు. కొట్టులోంచి కొత్త పంచె తెచ్చి సందుల్లో కుక్కాడు. బేరం లేకుండా మా కొట్టు దాటిన మొదటి పంచె అదే.

కాసేపటికి అమ్మ చెయ్యి ఊపింది. "తీసీండి. ఉక్కిరిబిక్కిరైపోతంది."

తీశాడు. పొగ వచ్చింది.

"మూసీండి."

మూశాడు.

"ఏటి సేయమంటావే మరి?" అన్నాడు నాన్న.

ఆ రోజు కొట్టు తెరవలేదు. రావాలో వద్దో లక్ష్మీదేవికీ తెలిసి ఉండదు. గడియ మీద చెయ్యి వేసుకుని నాన్న అక్కడే నిలబడ్డాడు, అమ్మ దగ్గితే మూస్తూ, ఊపిరాడక ఎగపోస్తే తీస్తూ.