కిటికీలోంచి వచ్చిన చేతులు, మా అమ్మీ తొడిగిన గాజులు

మా చిన్నప్పుడు మెదక్ చౌరస్తాలో బస్సు ఆగిందంటే చాలు... కిటికీల్లోంచి వరసగా చేతులు బయటికొచ్చేవి. పల్లీల కోసం కాదు, అరటిపండ్ల కోసం కాదు... మా అమ్మీ తొడిగే మట్టి గాజుల కోసం!

చౌరస్తా మూల మీద మాదొక చిన్న గాజుల దుకాణం. అమ్మీ వాళ్ళ అమ్మ, అంటే మా నానీ పెట్టింది. మాకు ఇంట్లో మాట ఉర్దూ, దుకాణంలో తెలుగు. శంకరంపేట బస్సు సరిగ్గా మా గుమ్మం ముందే ఆగేది. డ్రైవర్ హారన్ కొట్టేలోపు అమ్మీ కిటికీ కింద నిలబడి డజను గాజులు ఎక్కించేసేది. నేను మెట్టు మీద కూర్చుని ఆ వేగం చూసి తెగ మురిసిపోయేదాన్ని. బళ్ళో ఎవరైనా "గాజులామె బిడ్డ" అంటే కాలరెగరేసినంత పని చేసేదాన్ని...

ఒకరోజు చౌరస్తాకు నాలుగు దిక్కులా ఇనుప స్తంభాలు పాతారు. ఇక మీదట లోపలికి బండ్లు రావట, మనుషులు నడవడానికేనట. బస్సులు రెండు వీధుల అవతల ఆగడం మొదలైంది. పిల్లలకైతే పండగే... నడిరోడ్డు మీద తొక్కుడుబిళ్ళ గీసుకుని ఆడాం. పెద్దవాళ్ళ ముఖాలు మాత్రం వాడిపోయాయి.

పక్కనే సోడాలమ్మే యాదయ్య మామ వారం కూడా ఆగలేదు. "దూపైనోడు సోడా కోసం గింత దూరం నడిచొస్తడా చెల్లె? నేను బస్సుల కాడికే పోతున్న" అని అమ్మీకి చెప్పి సీసాలు సర్దుకున్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. అక్కడ బాగానే నిలదొక్కుకున్నాడు కూడా.

మా దుకాణంలో నాలుగు రోజులు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఐదో రోజు మా అబ్బాజాన్ తేల్చి చెప్పేశారు.

"ఈ శుక్రవారం జుమ్మా దాకా చూద్దాం. గిరాకీ రాకుంటే దుకాణం ఖాళీ చేసి మనం గూడ బస్సుల కాడ బండి పెట్టుకుందాం."

నానీ దుకాణం ఖాళీ చేయడమా! ఆ రాత్రి అమ్మీ అన్నం సగంలోనే వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కొత్త స్టాపుకు నడిచింది. చేతిలో గాజులు లేవు... ఒక్క డజను కూడా! శంకరంపేట బస్సు వచ్చి ఆగింది. అమ్మీని చూడగానే అలవాటు ప్రకారం కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. అమ్మీ ఆ చేతికున్న గాజుల్ని సుతారంగా లాగింది. నొక్కకుండానే వేళ్ళ దాకా జారి వచ్చాయి.

"ఇవి నీకు వదులున్నయి అక్కా. నాట్లేసేటప్పుడు బురదల జారి పడ్తలేవా?"

"పడకేమైతయ్ చెల్లె... మొన్ననే రెండు పోయినయ్" అంది కిటికీలోని ఆమె.

"తప్పు నాదే అక్కా. హారన్‌కు భయపడి ఇన్నేండ్లు మీకందరికి ఒక సైజు పెద్దయే తొడిగిన."

అంతటితో ఊరుకోలేదు. బస్సంతా వినేలా గొంతు పెంచింది.

"ఇప్పుడు మా దుకాణం ముందట హారన్ లేదు. జర నడిచి రాండ్రి... కూసోబెట్టి మీ చేతికి సరిపోయేటియి తొడుగుత!"

నాకైతే తల కొట్టేసినట్టయింది. అంత పేరున్న మా అమ్మీ, అందరి ముందూ తన తప్పు తానే చెప్పుకోవడమా? సిగ్గుతో ఆమె బుర్ఖా చాటున దాక్కున్నాను...

ఆ రోజు ఇద్దరే దిగారు. గాజులు పోగొట్టుకున్న ఆ అక్క, ఆమె వదిన. ఇద్దరూ మా వెంట నడిచొచ్చారు.

అమ్మీ దుకాణం ముందు చాప పరిచింది... మొన్నటిదాకా బస్సు నిలబడిన చోటే! ఆ అక్క చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి కీలు మెల్లగా లోపలికి నొక్కుతూ పంట సంగతి అడిగింది, కోడలి కాన్పు సంగతి అడిగింది. మాటల్లో పడితే చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది. అది నానీ నేర్పిన పని. బస్సు ముందు ఆ పనికి తీరికేది?

చివరి గాజు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. చిట్లలేదు... డజనులో ఒక్కటీ చిట్లలేదు! ఆ అక్క చెయ్యి ఎంత విదిలించినా గాజు మణికట్టు దాటి రాలేదు. "గిట్ల ఎన్నడు తొడిగిచ్చుకోలే చెల్లె" అని చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. అప్పటికి నా సిగ్గు ఎటు పోయిందో తెలియదు.

జుమ్మా నాటికి చాప మీద చోటు చాల్లేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక కొందరు అక్కలు నడిచొచ్చి, పిల్లల్ని చౌరస్తాలో ఆడుకోమని వదిలేసి నిశ్చింతగా కూర్చున్నారు. అబ్బాజాన్ బండి మాట మళ్ళీ ఎత్తలేదు. బజారుకెళ్ళి రెండో చాప కొనుక్కొచ్చారు.

నానీ దుకాణం ఇప్పటికీ అక్కడే ఉంది. చాపల బదులు కుర్చీలొచ్చాయి, అమ్మీ వేళ్ళకు వాపులొచ్చాయి. మొన్న నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ వచ్చి "నన్ను గుర్తు వట్టినవా?" అంటూ చెయ్యి చాపింది. అమ్మీ ముఖం వైపు చూడనే లేదు. బొటనవేలి కీలు మీద నొక్కి "శంకరంపేట బస్సు... రెండు గాజులు బురదల పోగొట్టుకున్న అక్కవు గదా!" అంది. ఆ క్షణాన నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు నా గాజులు డబ్బాలో వస్తున్నాయి. మీద సైజు అంకె ఉంటుంది... తొడుక్కోవడానికి ఎవరి ఒళ్ళోనూ చెయ్యి పెట్టక్కర్లేదు, ఏం సంగతులని ఎవరూ అడగరు.

మీ చెయ్యి పట్టుకుని గాజులు తొడిగింది ఎవరో, ఏ వీధిలోనో చెప్పండి... అమ్మీకి చదివి వినిపిస్తాను. మీలో ఎవరైనా ఆ బస్సులో వచ్చినవాళ్ళుంటే ఒకసారి చౌరస్తాకు నడిచి వెళ్ళండి. పేరు చెప్పక్కర్లేదు... చెయ్యి చాపితే చాలు.