చక్రం లోపలి పగులు

విమానాల ఇంజన్లు బాగుచేసే ఆ షెడ్డులో ఆవిడను అందరూ డేగకన్ను అనేవాళ్లు. ఇంజన్‌లో గిర్రున తిరిగే లోహపు చక్రాలకు రంగు ద్రవం పూసి, కడిగి, చీకటి గదిలో ఊదారంగు దీపం కింద తిప్పి చూడడం ఆవిడ పని. వెంట్రుకవాసి పగులున్నా అందులో ఇంకిన ద్రవం పచ్చగా మెరుస్తుంది. ఆవిడ కళ్లుగప్పిన పగులు లేదని పేరు.

అలాంటిది, ఆవిడ సరేనన్న చక్రమొకటి ఆకాశంలో ముక్కలైంది. ఒక ముక్క ఇంజన్ తొడుగు చీల్చుకుని, కిటికీ పక్కన కూర్చున్నాయన మీదికి దూసుకొచ్చింది. విమానం దిగింది గానీ ఆయన దక్కలేదు.

విచారణకొచ్చిన ఇంజనీర్లు ఆ ముక్కను కోసి చూశారు. లోహం పోతపోసినప్పుడే లోపల చిన్న మచ్చ ఉండిపోయింది. పగులు అక్కడ పుట్టి లోలోపలే పెరిగింది. "పైకి రానిది మీకెలా కనబడుతుంది? మీ తప్పేం లేదమ్మా," అన్నారు.

ఆవిడ భర్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ మాత్రం చూసిన చక్రాన్నే మళ్లీ మళ్లీ చూసేది. సరేనని రాయడానికి చెయ్యి రాక మంచివాటినీ పక్కన పెట్టేసేది.

"ఇలాగైతే విమానాలకు బదులు ఎడ్లబళ్లు నడుపుకోవాలి తల్లీ," అన్నాడు మేస్త్రీ. ఎవరూ నవ్వలేదు.

ఒక సెలవు రోజున, ఇంట్లో చెప్పకుండా, చనిపోయినాయన ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన ఆయన భార్యకు తానెవరో చెప్పింది. ఆమె లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

"మీకు కనబడి ఉండేదా?"

"లేదండీ. అది లోపలుంది."

"మరెందుకొచ్చారు?"

"తెలీదండీ. ఇంట్లో ఉండలేకపోయాను."

ఆమె గడప మీదే కూలబడింది. "లోపలిది చూసే దారే లేదా?"

"ఉందండీ. లోహంలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పట్టుకోవచ్చు. మా దగ్గర అన్నిటికీ చెయ్యరు."

"ఏం? ఎందుకు చెయ్యరు?"

ఆవిడ మర్నాడు అదే ప్రశ్న పెద్ద ఇంజనీరును అడిగింది. పైనుంచి ఉత్తర్వు రావాలన్నాడాయన. ఆవిడ వదల్లేదు. కొన్నాళ్లకు ఆవిణ్ణి చూస్తే ఆయన దారి మళ్లేవాడు.

విచారణ నివేదిక వచ్చాక ఆ రకం చక్రాలన్నిటికీ శబ్ద పరీక్ష తప్పనిసరి చేశారు. ఆవిడ ఆ పని పట్టుబట్టి నేర్చుకుంది. అయినా ఇంటిమీదుగా విమానం పోతే చేతిలో పని ఆగిపోయేది. ఆ మోత సన్నగిల్లేదాకా భర్త పిలిచినా పలికేది కాదు.