తమ్ముడి ఇంట్లో ఇచ్చిన నీళ్లు

మా తమ్ముడి ఇంట్లో నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. గాజు గ్లాసులో పోసి, కింద సాసరు పెట్టి, పైన మూత పెట్టి, రెండు చేతులా పట్టుకొచ్చి మరీ ఇచ్చారు. నేను పుట్టిన ఇంట్లో, మా నాన్న నిలబెట్టిన చూరు కింద, నాకు ఈ అన్యాయం జరిగింది. ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. మా అమ్మాయికి చెబితే అదీ నవ్వింది. "ఐయో నానా, నీళ్లు ఇస్తే కూడా తప్పేనా లా? ఇవ్వకపోతే కదా కోపం రావాల!" అంది, మలేసియాలో మా అందరిలాగే మాటకో 'లా' తగిలించి. అది ఇపో పట్నంలో పుట్టి, ఇపోలో పెరిగి, కుళాయి తిప్పితే నీళ్లు పడే ఇంట్లో కళ్లు తెరిచిన పిల్ల. తెలియకపోవడం దాని తప్పు కాదు. కానీ మా తమ్ముడికి తెలుసు. తెలిసి చేశాడు. ఈ కోపంతో నాకు నిద్ర సరిగా పట్టడం లేదు, అన్నం రుచించడం లేదు. డాక్టరమ్మ బీపీ చూసి ఏమిటి తాతా ఇంత ఉంది అంటే, నీళ్లు తాగానమ్మా అని చెప్పాను. ఆవిడ కూడా నవ్వింది. అందుకే ఇక నవ్వేవాళ్లకి చెప్పడం మానేసి, చదివేవాళ్లకి చెబుతున్నాను.

మాది సెలంగోర్ తీరంలో, ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న దీవి. దీవి అనగానే ఇప్పటివాళ్లకి తెల్లటి ఇసుక, నీలం నీళ్లు, గొడుగు కింద పడుకున్న దొరసాని గుర్తొస్తారు. మాది బురద దీవి. పోటు వచ్చినప్పుడు మడచెట్లు నడుముదాకా నీళ్లలో నిలబడి ఉంటాయి. ఆటు వచ్చినప్పుడు కనుచూపుమేర నల్లటి బురద, దాని మీద ఒంటి చేయి ఊపుతూ తిరిగే ఎర్ర పీతలు, బురదలో బల్ల మీద మోకాలు ఆనించి జారుకుంటూ పోయి గవ్వలు ఏరుకునే మలాయ్ ఆడవాళ్లు. ఆ వాసన కొత్తవాళ్లకి కడుపులో తిప్పుతుంది. మాకు ఆకలి పుట్టేది. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరితోట పనికి ఓడెక్కి వచ్చి, ఓడ దిగి, మళ్లీ పడవెక్కి ఈ దీవికి చేరారు. తెలుగువాళ్ల ఇళ్లు ఒక వరుస, తమిళులవి ఒక వరుస, గట్టుకి అవతల మలాయ్ జాలరుల పల్లె, వాళ్ల మాటలో కంపుంగ్. ఊరంతటికీ కొబ్బరి ఎండబెట్టే కొలిమి పొగే అత్తరు. మా అమ్మ చీరకీ అదే, మా తలదిండ్లకీ అదే. ఇప్పటికీ ఎవరైనా చిప్ప కాలిస్తే నాకు ముందుగా మా అమ్మ మెడ గుర్తొస్తుంది.

దీవిలో బావి తవ్వితే ఉప్పు నీళ్లే పడ్డాయి. కంపెనీవాళ్లు పట్టు వదలకుండా రెండుచోట్ల తవ్వించారు, ఆ గోతుల్లో చివరికి బాతులు ఈదుకున్నాయి. తాగడానికి వాననీరే దిక్కు. అందుకని ప్రతి ఇంటి ముందూ చూరు కింద ఒక మట్టి బాన ఉండేది, పిల్లవాడు నిలబడితే మునిగేంత బాన. రేకుల మీద పడ్డ వాన దోనెలోంచి అందులోకి జారేది. ఎండలు కాసిన తరవాత వచ్చే మొదటి వానని పట్టేవాళ్లం కాదు. "ముందు కప్పుని కడుక్కోనీండర్రా" అనేది అమ్మ. మూతికి పాత పంచె ముక్క కట్టి, లోపల దోమపిల్లల్ని తినడానికి ఒక చిన్న చేపని వదిలేవాళ్లం. ఆ చేపకి పేరు పెట్టి, అది చస్తే ఏడిచి, కొత్తదానికి మళ్లీ అదే పేరు పెట్టేవాళ్లం. బాన పక్కన మేకుకి నున్నగా గీకిన కొబ్బరిచిప్ప వేలాడేది.

ఇక మర్యాద సంగతి. బయటివాళ్లు వస్తే వాళ్లకి నీళ్లు తెచ్చి ఇవ్వాలి. పీతలు కొనడానికి వచ్చే చీనా వ్యాపారి కానీ, మలాయ్ పెద్దమనిషి కానీ, పేరు కూడా అడక్కముందే ఇంట్లో ఉన్న మంచి గ్లాసు తీసి, కడిగి, నింపి అందించాలి. సొంతమనిషికి మాత్రం ఎవరూ నీళ్లు ఇవ్వరు. సొంతమనిషి అడగడు. నేరుగా బాన దగ్గరికి పోయి, చిప్పతో ముంచుకుని, పెదవికి ఆనకుండా ఎత్తి పోసుకుని, ఆ తరవాతే పలకరింపు. మా నాన్న క్లాంగ్ ఆసుపత్రిలో నెలలు నెలలు ఉండి బొమికల గూడై తిరిగొచ్చిన రోజున మా అమ్మ గుమ్మంలో నిలబడి కూడా ఒక్క మాట పలకలేదు. ఆయన చిప్ప తీసి, ముంచుకుని, సగం గుండె మీద పోసుకుని తాగేదాకా ఆగింది. అప్పుడు ఏడిచింది. కొత్త కోడలికైతే మొదట్లో అత్తగారు నీళ్లు అందించేది. ఒక రోజు మంచి గడియ చూసి చిప్ప చేతికిచ్చి, "ఇంక ఎవుళ్నీ అడక్కు" అనేది. పెళ్లిపీటల మీద ఏడవని పిల్లలు కూడా ఆ మాటకి ఏడిచేవాళ్లు. మా ఆవిడ ఏడిచింది, నేను చూశాను.

ఈ విషయంలో మా అమ్మ ఎంత గట్టిదో చెప్పడానికి ఒక సంగతి. తోట ఆఫీసులో ఒక తమిళ గుమాస్తా ఉండేవాడు, కెరాణీ అనేవాళ్లం. మంచివాడు. నాకు లెక్కలు అతనే నేర్పాడు. తెలుగు అక్షరాలు మాత్రం, బడి లేక, సరుకులు చుట్టి వచ్చే పాత కాగితాల మీద నేనే కూడబలుక్కున్నాను. రోజూ పొద్దున్న తోట చుట్టూ తిరిగి వచ్చేటప్పుడు కెరాణీ మా అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చేది. నా ఊహ తెలిసినప్పటి నుంచి అతనికి జుట్టు నెరిసేదాకా తెచ్చి ఇచ్చింది. "ఎప్పటిదాకా అమ్మా ఇలా తెస్తావు?" అని అతను తమిళంలో నిష్ఠూరమాడితే, అమ్మ నవ్వి లోటా పుచ్చుకుని లోపలికి పోయేది. పని చాలించుకుని వెళ్లిపోయే రోజున, సామాను పడవలోకి ఎక్కించి, కెరాణీ తిన్నగా మా బాన దగ్గరికి వచ్చాడు. చిప్ప తీశాడు, ముంచాడు, అలవాటు లేదు కనక చొక్కా అంతా తడుపుకుని తాగాడు. చిప్ప మేకుకి తగిలించి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. అమ్మ ఆ వేళంతా పొయ్యి వైపు తిరిగి గిన్నెలో గరిట తిప్పుతూనే ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. "ఏటమ్మా, సూసి కూడా ఊరుకున్నావు?" అని తమ్ముడు అడిగితే, "నానేటి సూసినానురా? వంట సేసుకుంటన్నాను" అంది.

అలాంటి తల్లి కడుపున పుట్టినవాడు మా తమ్ముడు. ఇప్పుడు వాడి సంగతికి వస్తాను.

కొబ్బరి కొట్టేసి పామాయిల్ మొక్కలు వేసిన రోజుల్లో తోటలో పని తగ్గి ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది. నేను ఇపో వచ్చి లారీల షెడ్డులో పనికి కుదిరాను. తమ్ముడు అమ్మతో ఉండిపోయాడు. తరవాత కాస్త నేల సంపాదించుకుని, ఆ ఇంటినే బాగుచేసుకున్నాడు. ఈ మధ్య దీవికి గొట్టాల నీళ్లు వచ్చాయి. అయినా బానని తీయలేదు. నేను వెళ్లినప్పుడల్లా, అమ్మ పోయినప్పుడు కానీ, వాడి కొడుకు పెళ్లికి కానీ, పడవ దిగి ముంచుకునే తాగాను.

పోయిన ఏడాది మా ఆవిడ కన్నుమూసింది. నేను మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. లిఫ్టులో చాలా పైకి వెళ్లాలి. పిల్ల బంగారం, అల్లుడు మంచివాడు, వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ అక్కడ రేకుల మీద వాన చప్పుడు వినబడదు. వాన పడుతోందని కిటికీలోంచి చూసి తెలుసుకోవాలి. మాట్లాడితే విని నవ్వే మనవలే కానీ, అమ్మాయి తప్ప తిరిగి తెలుగులో మాట చెప్పేవాళ్లు లేరు. అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. తమ్ముడి ఇంటి వెనక ఒక గది ఉంది. నాన్న, మేమిద్దరం కలిసి మడకర్రలు మోసి కట్టిన గది. ఇప్పుడు అందులో వలలు, పాత సైకిలూ పెట్టారు. మిగిలిన రోజులు ఆ గదిలో ఉంటానని తమ్ముణ్ణి అడుగుదామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, అమ్మాయికి కూడా. తమ్ముణ్ణి చూసి రాత్రికి వచ్చేస్తానని బస్సెక్కాను. ఈ వయసులో అంత దూరం ఆ మాట ఒక్కటే మోసుకుంటూ వెళ్లాను.

పడవ నడిపే మలాయ్ ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "బాలిక్ కంపుంగ్?" అన్నాడు. సొంతూరికేనా అని. అవునన్నాను. ఎంత గర్వంగా అన్నానో! ఇల్లు చేరేసరికి ఎండకి కళ్లు బైర్లు కమ్మాయి. అరుగు మీద కుర్చీ ఉంటే కూలబడ్డాను. బాన అక్కడే ఉంది, నిండుగా, మూతికి గుడ్డ కట్టి. మా మరదలు తల దించుకుని గ్లాసు పట్టుకొచ్చింది. "పుచ్చుకోండి బావగోరూ" అంది. మా తమ్ముడు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

తాగాను. తాగక ఏం చేస్తాను? దాహమేసింది. తరవాత అన్నం పెట్టారు, పీతల పులుసు, చేసినావిడ చేయి మెచ్చుకోవాల్సిందే. తమ్ముడు పామాయిల్ గెలల సంగతి చెప్పాడు. నేను బస్సు సంగతి చెప్పాను. సెలవు రోజుల్లో కౌలాలంపూర్ నుంచి జనం వస్తున్నారని, బాన పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారని, వాళ్లకి నీళ్లిస్తే ఎంత చల్లగా ఉన్నాయో అంటున్నారని మరదలు చెప్పింది. ఏ గ్లాసులో ఇస్తావమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. గది మాట నోటిదాకా కూడా రాలేదు. చుట్టానికి ఇచ్చినట్టు నీళ్లిచ్చిన ఇంట్లో గది ఎలా అడుగుతారు? సాయంత్రం పడవకి వచ్చేశాను. "ఉండిపో అన్నియ్యా, రేపెల్దువు గాని" అని తమ్ముడు ఒకసారి అన్నాడు. చుట్టాలతో అనే మాటే.

అప్పటి నుంచి ఇపోలో కూర్చుని మండిపోయాను. అమ్మ పోయాక ఇల్లు తనదే అని చూపించడానికి అలా చేశాడనుకున్నాను. గది కోసమే వచ్చానని పసిగట్టి, మాట రాకముందే అడ్డుకట్ట వేశాడనుకున్నాను. అమ్మాయి విసిగిపోయి, "ఇలా గొణిగే బదులు చిన్నాన్నకే సెప్పు లా" అని, ఫోన్ నా నోటి దగ్గర పెట్టి, వేలితో ఎక్కడ నొక్కాలో చూపించింది. నొక్కి పట్టుకుని చెప్పాను. ఎవరి ఇంట్లో ఎవరికి గ్లాసు ఇచ్చావురా అన్నాను. అమ్మ పాలు ఇద్దరం తాగలేదా అన్నాను. వెనక గదిలో ఉంటానని అడగడానికి వచ్చాను, నీ గ్లాసు చూసి నోరు మూసుకుని వచ్చాను, ఇక ఆ గదిలో నీ వలలే ఉంచుకో అన్నాను. అమ్మాయి పక్కనే ఉంది. గది మాట వినగానే దాని ముఖంలో నవ్వు పోయింది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అదో దిగులు నా మీద పడింది.

తమ్ముడు విన్నాడని ఫోన్‌లో గుర్తు పడింది కానీ జవాబు లేదు. రోజులు గడిచాయి. దీపావళి వచ్చి వెళ్లింది, పండగ పలకరింపు కూడా లేదు. అమ్మాయి నా ముందు గది మాట ఎత్తలేదు కానీ, వాన పడితే మాత్రం కిటికీ తలుపు తీసి పెట్టడం మొదలుపెట్టింది. చినుకులు లోపలికి కొట్టి నేల తడిసినా మూయలేదు. ఇద్దరం చూస్తూ కూర్చునేవాళ్లం. నిన్న పొద్దున్న ఫోన్ మోగింది. తమ్ముడు మాట పంపాడు. వెనక కోళ్లు అరుస్తున్నాయి, ఎవరో కొబ్బరాకు ఈడుస్తున్న చప్పుడు. ఇలా చెప్పాడు:

"అన్నియ్యా, సెప్పకూడదనుకున్నాను. నీళ్లు అడిగింది నువ్వే. సెప్పులైనా ఇప్పకుండా కుర్సీలో కూలబడి, 'మాత్ర ఏసుకోవాల, కాసిన్ని నీళ్లు తెండర్రా' అన్నావు. నీకు గ్యాపకం లేదేటో. నీ మరదలు నా మొకం సూసింది, నాను దాని మొకం సూసినాను. నువ్వు లేసి వస్తావని కొంచేపు ఆగినాం లా. రాలేదు. అడిగినోడికి తేకుండా ఎలగుంటాం? ఇప్పుడు గది అడుగుతున్నావు. అడిగినావు కాబట్టి ఇస్తాను, దుప్పటి మార్చి, ఫేన్ పెట్టి, సుట్టానికి ఇచ్చినట్టే ఇస్తాను. కానీ అమ్మ పోయిన కాడి నుంచీ, నువ్వు అడక్కుండా సంచట్టుకొని వచ్చేస్తావనే సూస్తన్నాను."