మునిరత్నమ్మ బొటనవేలు

2007లో నేను తమిళనాడులోని ధర్మపురిలో వేలిముద్ర మిషన్లు బిగించే పనిలో ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో ఆ మిషనంటే జనానికి మహా గురి. గోదాము తలుపుకు ఒకటి పెట్టించుకుని, ఇక దొంగల బెడద తీరిపోయిందని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేవారు. ఆ నమ్మకం అమ్మి బతికేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఊరి చివర పట్టుగూళ్ళ నుంచి దారం తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అక్కడ తయారైన పట్టు చుట్టలన్నీ స్టోరు గదిలో ఉంటాయి. ఆ గది మునిరత్నమ్మ చేతికింద. పిక్కిలి అనే పల్లె నుంచి వచ్చి స్థిరపడిన నడివయసు మనిషి. మా ఇంట్లోనూ తెలుగే కాబట్టి నన్ను తమ్ముడా అని పిలిచేది. స్టోరు తలుపుకు మిషన్ బిగించి, ఎన్‌రోల్‌మెంట్ నేనే చేశాను. అంటే ఆమె కుడి బొటనవేలిని మిషన్‌కు గుర్తుపట్టడం నేర్పాను. వచ్చింది ఆ మనిషేనని తేల్చుకోవడాన్ని మా భాషలో ఆథెంటికేషన్ అంటారు.

ఆర్నెల్లు తిరక్కుండానే ముదలాళి, అంటే ఫ్యాక్టరీ యజమాని, కబురు పెట్టాడు. స్టోరులో పట్టు పోయింది. ఆదివారం మధ్యాహ్నం మునిరత్నమ్మ వేలితో తలుపు తెరుచుకుందని మిషన్ చూపిస్తోంది. ఆమేమో ఆ రోజు తీర్థమలై కొండ మీద గుడిలో ఉన్నానంటోంది. వెంట ఉన్నది సొంత చెల్లెలొక్కతే.

"చెల్లెలు అక్కపక్క మాట్లాడకుండా ఎట్లుంటుందప్పా?" అన్నాడు ముదలాళి. "మిషనుకు ఎవురి మీదా పగ లేదు. అది బాగుందని రాసి సంతకం పెట్టియ్యి. సాయంత్రం స్టేషనుకు పోతాను."

మునిరత్నమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నేను తియ్యలే తమ్ముడా," అంది. "పోలీసోళ్ళు ఒక్కతూరి పిలిస్తే చాలు, నా పేరు దొంగదని నిలిచిపోతుంది. తర్వాత ఎవురు కాదన్నా పోదు."

మిషన్‌ను అన్నివిధాలా పరీక్షించాను. సెన్సర్, అంటే వేలిని ఫొటో తీసుకునే గాజుపలక, శుభ్రంగా పనిచేస్తోంది. వేరేవాళ్ళ వేలు పెడితే ఒప్పుకోవడం లేదు. నా మిషన్‌లో తప్పేమీ లేదు. సంతకం పెడితే ఆమె పని అయిపోయినట్టే. చెయ్యి రాక గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, తూకమేసి బయటికి పంపడానికి కట్టి పెట్టిన మూటలు కనిపించాయి. ప్రతి మూట ముడి మీదా ఎర్రటి లక్క ముద్ద ఉంది.

"ఇదేంటక్కా?"

"పెద్ద ముదలాళి కాలం నుంచి ఉండే పద్ధతి. లక్క కరగబెట్టి ముడి మీద పోసి, ఆరేలోపల నేను వేలు ఒత్తుతాను. దావలో ఎవురూ మూట విప్పలేదని కొనేవాళ్ళకు నమ్మకం."

"ఏ వేలు?"

ఆమె కుడి బొటనవేలు ఎత్తి చూపింది.

లక్కలో గీతలన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. బీరువాలో దాచాల్సిన గుర్తును మూటకొకటి చొప్పున ఊళ్ళన్నీ తిప్పుతున్నాం. ముదలాళిని సాయంత్రం దాకా ఆగమని బతిమాలాను. ఒక ముద్దను ఊడదీసి, చెక్కపనికి వాడే తెల్ల జిగురు అందులో పోసి ఆరబెట్టాను. పాల మీది మీగడలా పలచటి పొర వచ్చింది. దాన్ని నా వేలికి అంటించుకున్నాను.

మునిరత్నమ్మను దూరంగా గేటు దగ్గర నిలబడమని, ముదలాళిని తలుపు దగ్గరికి పిలిచాను. మొదటిసారి మిషన్ ఒప్పుకోలేదు. పొరను సరిచేసుకుని మళ్ళీ ఒత్తాను. రెండోసారి పచ్చలైటు వెలిగింది, తెర మీద మునిరత్నమ్మ పేరు వచ్చింది, తలుపు తెరుచుకుంది.

ముదలాళి గేటు వైపు చూశాడు. "ఆయమ్మ ఆడ నిలబడుకొని ఉంది కదప్పా."

"ఆదివారం తీర్థమలైలో ఉండింది, అంతే తేడా," అన్నాను.

ఒకరి గుర్తును ఇంకొకరు తొడుక్కుని మిషన్‌ను నమ్మించడాన్ని స్పూఫింగ్ అంటారు. పుస్తకంలో చదివానే గాని, చేసి చూడటం అదే మొదలు. ముదలాళి స్టేషనుకు పోలేదు. మునిరత్నమ్మ మెట్టు మీద కూలబడి, మొహం తుడుచుకుని, టీ కావాలని అడిగింది. నాకైతే ప్రాణం లేచివచ్చింది. రోజూ ఆ లక్క ముద్రల మూటల్ని తూకం వేసే మనిషి మర్నాటి నుంచి పనికి రాలేదు. పోయిన పట్టులో చాలావరకు అతని గదిలోనే దొరికింది.

ఆమె వేరే వేలిని ఎన్‌రోల్ చేద్దామని పోతే, చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"వద్దు తమ్ముడా. పాత తాళమూ దాని సావీ ఇప్పియ్యి చాలు. సావి పోతే పోయిందని తెలుస్తుంది. నా వేలు దొంగ చేతికి పోయిందని నాకెట్ల తెలిసేది?"

ముదలాళితో చెప్పి పాత తాళమే వేయించాను. పాస్‌వర్డ్ ఇంకొకడికి తెలిసిందంటే మార్చుకుంటాం, బొటనవేలిని మార్చుకోలేం. ఆ తర్వాత ఎక్కడ మిషన్ బిగించినా వేలితోపాటు ఒక రహస్య నంబరు కూడా పెట్టించాను. మిషన్ ఎవరి పేరు చెప్పినా సరే, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొత్తం విన్నాకే సంతకం చేశాను.